నిలబెట్టుకున్న పేరు, అంటగట్టిన పేర్లు

(ముహమ్మద్ అలీ వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ సభకు నన్ను పిలిచినప్పుడు నేను అడిగింది ఒక్కటే: అలీ తప్పులు కూడా చెప్పొచ్చా అని. చెప్పాలన్నారు. అందుకే వచ్చాను. చచ్చినవాడి కళ్లు చారెడని మన సామెత. పోయినవాళ్ల కళ్లను పెద్దవి చేసి చూపించే సభలు మనం చాలానే చూశాం. 2016 జూన్ 3న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, 74 ఏళ్ల వయసులో అలీ కన్నుమూశాడు. అప్పటినుంచి అతని కళ్లూ ఏటికేడు పెద్దవవుతున్నాయి. అవి అసలెంత ఉన్నాయో అంతే చూపించాలని నా ప్రయత్నం. అతని మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే.

ముందుగా ఒక జ్ఞాపకం. 1980 మొదట్లో నేను మద్రాసులో, కోడంబాకంలోని మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. మావయ్య స్టూడియోలో లైట్‌మన్. ఒకరోజు పని మానుకుని మరీ నన్ను నెహ్రూ స్టేడియానికి తీసుకెళ్లాడు. అలీ వచ్చాడు, జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ. ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. కూడా వచ్చారు. మేం కూర్చున్నచోటికి అలీ బొటనవేలంత కనిపిస్తున్నాడు. అప్పటికే ఒళ్లు వదులైంది, నడుం దగ్గర కండ పెరిగింది. అయినా రింగులో ఒక్కసారి కాళ్లు ఆడించేసరికి స్టేడియమంతా లేచి నిలబడింది. మావయ్య "క్లే! క్లే!" అని గొంతు చించుకుంటున్నాడు. ఆయన పడుచుతనంలో పేపర్లో చదివిన అలీ పాత పేరు అదే మరి. మా ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, తెలుగులోనే, "అలీ అనండి బాబూ, ఆయన లోకాన్ని అడిగింది అదొక్కటే కదా" అన్నారు. మావయ్య నొచ్చుకోలేదు. "పొరపాటండీ" అని, అక్కణ్ణుంచి "అలీ" అనే అరిచాడు.

ఆ పెద్దాయన ఎవరో నాకు తెలియదు. ఈ ఉపన్యాసానికి మూలం మాత్రం ఆయన మాటే. మనిషిని అతను కోరుకున్న పేరుతో పిలవడం మర్యాద. ఆ మర్యాద కోసం లోకమంతటితో పోరాడినవాడు అలీ. ఆ మర్యాదనే ఎదుటివాళ్లకు దక్కకుండా చేసినవాడూ అలీయే. ఈ రెండూ కలిపి చెప్పకపోతే అతని కథ చెప్పినట్టు కాదు.

ఆట సంగతి

పిల్లలు ఉన్నారు కాబట్టి ముందు ఆట గురించి చెబుతాను. ఆట అర్థం కాకపోతే మిగతా తగవంతా ఎందుకో అర్థం కాదు.

1942 జనవరి 17న కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరంలో పుట్టాడు. తండ్రి సైన్‌బోర్డులు రాసే పెయింటర్. తల్లి ఒడెస్సా తెల్లవాళ్ల ఇళ్లల్లో పనిచేసేది. పన్నెండేళ్ల వయసులో కొత్త సైకిల్‌ను ఎవరో ఎత్తుకుపోతే, దొంగ దొరికితే చితకబాదుతానని ఏడుస్తూ ఫిర్యాదుకు వెళ్లాడు. ఆ ఫిర్యాదు విన్న పోలీసు జో మార్టిన్ పక్కనే పిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. బాదాలంటే ముందు నేర్చుకోమన్నాడు. అది 1954. ఆరేళ్లు తిరిగేసరికి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ స్వర్ణం ఆ కుర్రవాడి మెడలో ఉంది.

కోచ్‌గా నేను ప్రతి బ్యాచ్‌కీ మొదటిరోజు చెప్పే మూడు మాటలు మీకు కంఠతా వచ్చు. చేతులు పైకి, గడ్డం లోపలికి, దెబ్బ వస్తే తల పక్కకి. అలీ ఈ మూడూ పాటించలేదు. అతని చేతులు నడుం దగ్గర వేలాడేవి. గడ్డం పైకెత్తే ఉండేది. దెబ్బ వస్తే తలను వెనక్కి లాగేవాడు. మన రింగులో ఎవరైనా అలా చేస్తే రెండో నిమిషంలో కింద ఉంటారు. అతనికెలా కుదిరింది? పాత ఫిల్ములు నెమ్మదిగా తిప్పి చూడండి. ఎదుటివాడి గ్లౌజుకూ ఇతని ముఖానికీ మధ్య రెండంగుళాల ఖాళీ మిగులుతుంది. మూడు కాదు, ఒకటి కాదు. ఎంత తప్పుకోవాలో అంతే తప్పుకునేవాడు. తల వెనక్కి పోయిన క్షణంలోనే ఎడమచెయ్యి ముందుకొచ్చి తాకేది. 6 అడుగుల 3 అంగుళాల ఎత్తు, 200 పౌండ్లు దాటిన బరువు. అంత మనిషికి తనలో సగం బరువున్నవాడి కాళ్లు. 1966 నవంబరులో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌తో మూడో రౌండులో ముగిసిపోయిన పోటీ చూస్తే, హెవీవెయిట్ బాక్సింగ్ ఇంత అందంగా ఉండగలదా అనిపిస్తుంది. అప్పటికి అతనికి 24 ఏళ్లు.

అది మొదటి అలీ. మూడున్నరేళ్లు రింగుకు దూరమై 1970లో తిరిగొచ్చినవాడు రెండో అలీ. కాళ్లు ముందులా ఆడడం లేదు. కాళ్లు చేసే పనిని బుర్ర, ఓర్పు చెయ్యాల్సి వచ్చింది. 1974 అక్టోబరు 30న, అప్పటి జైర్ దేశపు కిన్షాసాలో, తెల్లవారుజామున 4 గంటలకు జార్జ్ ఫోర్‌మన్‌తో పోటీ. ఫోర్‌మన్ అప్పటికి 40 పోటీలాడి 40 గెలిచాడు. అందరూ భయపడ్డ జో ఫ్రేజియర్‌ను రెండే రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టినవాడు. అలీకి 32 ఏళ్లు. మొదటి రౌండులో అలీ ముందుచేతి దెబ్బ, అంటే జాబ్, వేయకుండా నేరుగా కుడిచెయ్యి విసిరాడు. కుడిచెయ్యి వెనకనుంచి రావాలి, దూరం ఎక్కువ. ప్రొఫెషనల్ మీద దాన్నే మొదటి దెబ్బగా విసరడమంటే నీకు చూపు ఆనదని మొహం మీద చెప్పడమే. ఫోర్‌మన్ రెచ్చిపోయాడు. రెండో రౌండు నుంచి అలీ తాళ్లకు ఆనుకుని, మోచేతులు పక్కటెముకలకు అంటించి, ముఖాన్ని గ్లౌజుల వెనక దాచుకుని, కొట్టు అన్నట్టు నిలబడ్డాడు. ఫోర్‌మన్ కొట్టాడు. కొట్టికొట్టి చేతులు బరువెక్కాయి. ఎనిమిదో రౌండు చివర్లో అలీ కుడిచేతి దెబ్బకు ఆ కొండ ఒక పక్కకు తిరుగుతూ కూలింది. అది పడుతున్నప్పుడు అలీ ఇంకో దెబ్బకు చెయ్యి ఎత్తి, ఎత్తిన చెయ్యిని అక్కడే ఆపేశాడు. అవసరం లేని దెబ్బ వెయ్యలేదు. పిల్లలూ, ఆ ఆగిన చెయ్యిని గుర్తుపెట్టుకోండి. తర్వాత మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

1964లో, 1974లో, 1978లో మూడుసార్లు ప్రపంచ హెవీవెయిట్ కిరీటం గెలిచాడు. ప్రొఫెషనల్‌గా 61 పోటీలు, 56 విజయాలు, అందులో 37 నాకౌట్లు. ఈ లెక్కలో వాదించడానికేమీ లేదు.

తక్కెడ పనికిరాదు

తగవు ఇక్కణ్ణుంచే. అలీని తూచడానికి కూర్చున్నవాళ్లు సాధారణంగా ఒక తక్కెడ తెస్తారు. ఒక తట్టలో పతకాలు, బెల్టులు. రెండో తట్టలో అభిప్రాయాలు, నోటి మాటలు. ఏది మొగ్గితే అదే అలీ అంటారు. ఆ తక్కెడ మీద నాకు నమ్మకం లేదు. నూనెను గజాల్లో కొలవం, గుడ్డను శేర్లలో తూచం. అతని జాబ్ ఎంత గొప్పదైనా, సాటి మనిషిని గొరిల్లా అన్న మాట బరువు తగ్గదు. ఆ మాట ఎంత హీనమైనదైనా జాబ్ వేగం తగ్గదు. ఆటను ఆట కొలతతో, మాటను మాట కొలతతో కొలవాలి.

మాటకు కొలత ఏమిటి? జనం మెప్పు కొలత కాదు. వియత్నాం యుద్ధం మీద 1967లో అమెరికాలో చాలామంది అసహ్యించుకున్న అతని అభిప్రాయాన్నే ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో పెట్టి పిల్లలకు చెబుతున్నారు. అప్పట్లో చాలామంది నవ్వి వదిలేసిన అతని మాటలు ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. కాలంతో మారేది కొలబద్ద కాలేదు. నేను వాడుకునే కొలత ఒక్కటే: ఆ మాటకు మూల్యం ఎవరు చెల్లించారు? అన్నవాడా, పడ్డవాడా?

తానే చెల్లించినవి

1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్ ఏడో రౌండుకు కుర్చీలోంచి లేవలేకపోయాడు. 22 ఏళ్ల కేషియస్ క్లే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కొద్దిరోజులకే తాను నేషన్ ఆఫ్ ఇస్లామ్ అనే నల్లజాతి సంస్థ సభ్యుణ్ణని ప్రకటించాడు. మార్చి 6న ఆ సంస్థ నాయకుడు ఎలైజా ముహమ్మద్ అతనికి ముహమ్మద్ అలీ అని పేరు పెట్టాడు. పాతది బానిస పేరని అలీ అన్నాడు. నిజానికి మొదటి కేషియస్ మార్సెలస్ క్లే 19వ శతాబ్దంలో కెంటకీలో బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన తెల్ల భూస్వామి, తన బానిసలను విడుదల చేసినవాడు. ఆ పేరులో గౌరవం లేదని కాదు. కానీ అది ఒకప్పుడు మనుషుల్ని సొంతం చేసుకున్న ఇంటి పేరు. తన పేరు తానే ఎంచుకుంటానంటే కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. అయినా పత్రికలు ఏళ్ల తరబడి క్లే అనే రాశాయి. చివరికి సుప్రీంకోర్టులో అతని కేసు నడిచింది కూడా క్లే పేరు మీదే.

ఇక 1967 ఏప్రిల్ 28. వియత్నాం యుద్ధం నడుస్తోంది. హ్యూస్టన్‌లో సైన్యంలో చేర్చుకునే కేంద్రం. కుర్రవాళ్లు వరసగా నిలబడ్డారు. పేరు పిలవగానే ఒక అడుగు ముందుకు వెయ్యాలి. అడుగు వేస్తే సైనికుడైనట్టే. కేషియస్ క్లే అని పిలిచారు. ప్రపంచంలోకెల్లా చురుకైన ఆ కాళ్లు కదల్లేదు. ఒక అధికారి పక్కకు తీసుకెళ్లి, 5 ఏళ్ల జైలు, 10,000 డాలర్ల జరిమానా పడొచ్చని చెప్పాడు. మళ్లీ పిలిచారు. మళ్లీ కదల్లేదు. అదే రోజు న్యూయార్క్ అథ్లెటిక్ కమిషన్ అతని లైసెన్స్ తీసేసింది. జూన్ 20న కోర్టు సరిగ్గా ఆ శిక్షే వేసింది. పాస్‌పోర్టు పోయింది. అప్పీలు మీద బయట ఉన్నాడు గానీ మూడున్నరేళ్లు రింగు ఎక్కలేదు. బాక్సర్ జీవితంలో 25 నుంచి 28 దాకా ఉన్న వయసంటే ఏమిటో ఇక్కడున్న కోచ్‌లందరికీ తెలుసు. పంట చేతికొచ్చే నెల అది.

అతన్ని పిరికివాడన్నారు, దేశద్రోహి అన్నారు. నల్లజాతి ప్రముఖుల్లో కూడా తప్పుపట్టినవాళ్లున్నారు. అమెరికా వియత్నాంలో చేస్తున్నది తప్పని ఇప్పుడు ఒప్పుకునేవాళ్లు కోట్లమంది. అప్పుడు అన్నందుకు అతను తన కాళ్లనే తాకట్టు పెట్టాడు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8-0తో శిక్ష కొట్టేసింది. డబ్బు తిరిగి సంపాదించుకున్నాడు. కిరీటం మళ్లీ గెలుచుకున్నాడు. ఆ మూడున్నరేళ్లు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆ అభిప్రాయానికి మూల్యం పూర్తిగా అతనిదే. అందుకే ఆ రోజు వెయ్యని ఆ అడుగు, వేసిన అడుగులన్నిటికన్నా గొప్పదంటాను.

ఎదుటివాళ్లు చెల్లించినవి

ఇక రెండో లెక్క. ఇక్కడ నా గొంతు తగ్గదు.

నేషన్ ఆఫ్ ఇస్లామ్ బోధన ప్రకారం తెల్లవాళ్లు దయ్యాలు, నల్లవాళ్లు తెల్లవాళ్లు కలిసి బతకకూడదు. అలీ దీన్ని ఏళ్ల తరబడి వేదికల మీద చెప్పాడు. 1971లో బీబీసీలో మైకేల్ పార్కిన్సన్‌తో మాట్లాడుతూ, ఏ జాతి పక్షి ఆ జాతితోనే జతకడుతుందని, మనుషులూ అంతేనని వాదించాడు. 1975లో ప్లేబాయ్ పత్రికతో అంతకన్నా ముందుకెళ్లి, తెల్ల స్త్రీ జోలికి పోయిన నల్లజాతి పురుషుణ్ణి చంపాల్సిందేనన్నాడు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఇంకో కుర్రవాడు గుర్తుకొస్తాడు. 1955లో మిసిసిపీలో తెల్ల స్త్రీని పలకరించాడన్న నెపంతో 14 ఏళ్ల ఎమెట్ టిల్‌ను తెల్లవాళ్లు చంపి నదిలో పారేశారు. గుర్తుపట్టలేనంతగా చితికిపోయిన ఆ ముఖం ఫొటో పత్రికలో వచ్చింది. అప్పటికి 13 ఏళ్ల లూయివిల్ కుర్రవాణ్ణి అది వెంటాడింది. ఆ సంగతి అలీయే తర్వాత చెప్పుకున్నాడు. 20 ఏళ్లు గడిచేసరికి ఆ హంతకులు తలూపే మాట అతని నోటినుంచే వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. అలీకి శిక్షపడ్డ 1967 జూన్‌లోనే, దానికి 8 రోజుల ముందు, జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు జాతులు కలిసిన పెళ్లిళ్ల మీద నిషేధాలను కొట్టేసింది. తెల్ల భర్త, నల్ల భార్య అయిన లవింగ్ దంపతులు పెళ్లి చేసుకున్నందుకు శిక్ష పడి, సొంత రాష్ట్రం వదిలి వెళ్లాల్సి వచ్చి, ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన తీర్పు అది. అంతరాత్మ మాట నాదే అన్న మనిషి, వాళ్ల అంతరాత్మ మాట వాళ్లదని ఒప్పుకోలేదు.

ఎందుకన్నాడో తెలుసుకోవడం కష్టం కాదు. హోటల్లో కూర్చుని తినడానికి కూడా వీల్లేని ఊళ్లో పెరిగాడు. నువ్వు తక్కువ కాదు అని మొదటిసారి చెప్పిన సంస్థ అది. అందుకే దాని మాటలన్నీ మూటగట్టి నెత్తినెత్తుకున్నాడు. కారణం తెలిసింది కదా అని తప్పు ఒప్పయిపోదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అతని బతుకు అతని మాటల్లా లేదు. 20 ఏళ్లకు పైగా అతని మూలలో నిలబడి ముఖం తుడిచిన కోచ్ ఏంజెలో డండీ తెల్లవాడే. 1975లో ఎలైజా ముహమ్మద్ చనిపోయాక, ఆయన కొడుకు సంస్థను ఆ ద్వేషం లేని ఇస్లామ్ వైపు తిప్పితే, అలీ కూడా అటే నడిచాడు. మారాడు. ఆ మార్పును కూడా లెక్కలో రాయాలి.

మారకముందు మూల్యం చెల్లించినవాళ్లను మరిచిపోకుండా రాయాలి. మొదటి భార్య సోంజీ రాయ్ తనకు నచ్చిన బట్టలు కట్టుకుంటానంది. సంస్థ చెప్పిన దుస్తులకు ఒప్పుకోలేదు. 1966 జనవరిలో విడాకులయ్యాయి. హ్యూస్టన్‌లో అడుగు ముందుకు వెయ్యనన్నవాణ్ణి వీరుడంటున్నాం. తన ఇంట్లో తాను అడుగు వెయ్యనన్న ఆమెను ఏమనాలి?

మాల్కం ఎక్స్. లిస్టన్ పోటీకి ముందు మయామీలో అలీ పక్కనే ఉండి ధైర్యం చెప్పినవాడు. తర్వాత సంస్థతో విడిపోయాడు. 1964 మేలో ఘనాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. మాల్కం పలకరించాడు. అలీ మొహం తిప్పుకున్నాడు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1965 ఫిబ్రవరి 21న మాల్కంను కాల్చి చంపారు. అలా మొహం తిప్పుకోవడం తన జీవితంలో పెద్ద తప్పుల్లో ఒకటని అలీ ముసలితనంలో ఒప్పుకున్నాడు. వినాల్సినవాడు అప్పటికి లేడు.

ఫ్రేజియర్

అన్నిటికన్నా బరువైన లెక్క జో ఫ్రేజియర్‌ది.

సౌత్ కరోలినాలో కౌలురైతు బిడ్డ. ఫిలడెల్ఫియాకు వలసపోయి కబేళాలో పనిచేస్తూ బాక్సింగ్ నేర్చుకున్నాడు. 1964 టోక్యో ఒలింపిక్స్ స్వర్ణ విజేత. పేదరికం లెక్కన చూస్తే అలీ కన్నా రెండు మెట్లు కిందినుంచి వచ్చినవాడు. అలీకి లైసెన్స్ లేని రోజుల్లో తిరిగి ఇవ్వాలని బాహాటంగా అడిగినవాడు. చేతిలో డబ్బు ఆడనప్పుడు సాయం చేసినవాడు. అలాంటివాణ్ణి అలీ తెల్లవాళ్ల తొత్తు అన్నాడు. తెలివి తక్కువవాడన్నాడు. 1975లో మనీలా పోటీకి ముందు గొరిల్లా అని పేరు పెట్టి, జేబులోంచి రబ్బరు గొరిల్లా బొమ్మ తీసి, విలేకరుల ముందు దాన్ని గుద్దుతూ నవ్వించాడు.

టికెట్లు అమ్ముకోవడానికే అన్నాడని సర్దిచెప్పేవాళ్లున్నారు. టికెట్లు అమ్ముడయ్యాయి, నిజమే. కానీ ఫ్రేజియర్ పిల్లలు బడికి వెళ్తున్నారు. బళ్లో తోటిపిల్లలు వాళ్లను ఆ పేర్లతోనే ఏడిపించారు. నల్లవాణ్ణి కోతితో పోల్చడమన్నది వందల ఏళ్లుగా తెల్లవాళ్లు వాడిన ఆయుధం. నా జాతి అందమైనదని లోకానికి చాటిన మనిషి ఆ ఆయుధాన్నే ఎత్తి సొంత జాతివాడి మీద విసిరాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు మన పెద్దలు. కాలు ఎన్నడూ జారని మనిషికి నోరే జారింది.

1975 అక్టోబరు 1, మనీలా. ఉదయం పూట పోటీ, ఊపిరాడని ఉక్క. 14 రౌండ్లు ఒకర్నొకరు నలగ్గొట్టుకున్నారు. ఫ్రేజియర్ ఎడమకంటికి ముందునుంచే చూపు సరిగా లేదు. ఆ సంగతి రహస్యంగా ఉంచుకునే ఆడాడు. కుడికన్ను ఇప్పుడు వాచి మూసుకుపోయింది. దెబ్బ ఎక్కణ్ణుంచి వస్తుందో కనపడక నిలబడి తింటున్నాడు. పదిహేనో రౌండుకు లేవబోతే కోచ్ ఎడ్డీ ఫచ్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, పోటీ ఆపించాడు. ఫ్రేజియర్ ఒద్దన్నాడు. ఫచ్ వినలేదు. కోచ్‌లారా, మన వృత్తిలో ఇంతకన్నా పెద్ద నిర్ణయం ఉండదు. గెలిచిన అలీ కూడా రింగులోనే కూలబడ్డాడు. తర్వాత ఫ్రేజియర్ కొడుకు మార్విస్‌ను డ్రెస్సింగ్‌రూమ్‌కు పిలిపించి, ఆ మాటలు మనసులోంచి వచ్చినవి కావు, మీ నాన్నకు చెప్పు అన్నాడు. కొడుకు వెళ్లి చెబితే ఫ్రేజియర్ అన్నదొక్కటే: ఆ మాట అతనే వచ్చి నాకు చెప్పాలి.

2001లో అలీ న్యూయార్క్ టైమ్స్ ద్వారా క్షమాపణ చెప్పాడు. అవమానం చేసింది అందరి ముందూ, ముఖాముఖి. క్షమాపణ మాత్రం మధ్యవర్తి చేత.

కిన్షాసాలో కూలుతున్న ఫోర్‌మన్ మీద ఆగిన ఆ చెయ్యిని గుర్తుపెట్టుకోమన్నాను. అవసరం లేని దెబ్బ వెయ్యకుండా ఆపుకోగలిగిన మనిషి అవసరం లేని మాటను ఆపుకోలేకపోయాడు. చేతికున్న శిక్షణ నోటికి లేదు. అలీ గురించి నా అంచనా ఇంతే. దీనికి తక్కెడ అక్కర్లేదు.

మాట పోయాక పుట్టిన దేవుడు

మన తప్పు కూడా ఒకటుంది. 1980 అక్టోబరులో 38 ఏళ్ల అలీ, ఒకప్పుడు తన స్పారింగ్ జోడీ అయిన లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు ఊరికే దెబ్బలు తిన్నాడు. అతని డాక్టర్ అంతకు మూడేళ్ల ముందే, ఇక చాలు, ఆపు అని చెప్పి తప్పుకున్నాడు. ఎవరూ వినలేదు. 1984లో పార్కిన్సన్ వ్యాధి లక్షణాలున్నాయని తేలింది. నోరు నెమ్మదించింది. 1996 జూలైలో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని వణుకుతున్న చేత్తో వెలిగించినప్పుడు, ఒకప్పుడు అతన్ని తిట్టిన అమెరికా కన్నీళ్లు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే భయం వేసింది. ఆ మనిషి మాట్లాడినన్నాళ్లూ భరించలేకపోయాం. మాట పోయాక దేవుణ్ణి చేశాం. అతని మంచి మాటలూ చెడ్డ మాటలూ రెండూ మరిచిపోవడానికి దేవుడు అన్న పేరు బాగా పనికొచ్చింది. అలీకి మనం అంటగట్టిన పేరు అది. అతను కోరుకున్న పేరు ముహమ్మద్ అలీ. ఆ పేరులో హ్యూస్టన్ ఉంది, మనీలా ఉంది, 1990లో ఇరాక్ వెళ్లి 15 మంది అమెరికన్ బందీలను వెంటబెట్టుకొచ్చిన దయ ఉంది, ఘనాలో తిప్పుకున్న మొహం కూడా ఉంది.

మద్రాసులో నేను చూసిన ఆ రోజులు కూడా అందులోనే ఉన్నాయి. ఆ భారత పర్యటనలో ఉండగానే అమెరికా అధ్యక్షుడు కార్టర్ అతన్ని ఆఫ్రికా వెళ్లమన్నాడు. మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించేలా అక్కడి దేశాలను ఒప్పించాలి. 1967లో ప్రభుత్వం పిలిస్తే అడుగు వెయ్యనివాడు 1980లో వెంటనే బయల్దేరాడు. టాంజానియా అధ్యక్షుడు నైరేరే అతన్ని కలవడానికే ఒప్పుకోలేదు. అక్కడి విలేకరులు నిలదీస్తే అలీ తడబడ్డాడు. తనకు అన్నీ చెప్పి పంపలేదని బాహాటంగానే అన్నాడు. వెళ్లడం తొందరపాటు, ఒప్పుకోవడం నిజాయితీ. రెండూ అతనివే.

పేరు అడగండి

చివరగా నా తప్పు ఒకటి చెప్పి ముగిస్తాను. నాకు ఇరవై ఏళ్లప్పుడు అలీ అంటే పిచ్చి. నడక, నవ్వు, నోరు అన్నీ అతనివే అనుకరించేవాణ్ణి. ఒక అంతర్ కళాశాలల పోటీలో నాకు ఎదురుపడ్డ కుర్రవాడు పల్లెటూరి నుంచి వచ్చాడు. నల్లగా, పొట్టిగా, బిడియంగా ఉన్నాడు. బరువు చూసుకునే చోట అతనికొక జంతువు పేరు పెట్టాను. ఆ పేరేమిటో ఇక్కడ మళ్లీ చెప్పను. నా స్నేహితులు అందుకున్నారు. పోటీ అయ్యేదాకా హాలంతా అదే పేరు. పాయింట్ల మీద గెలిచాను. అతను గ్లౌజులు విప్పి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది పోటీల్లో అతను లేడు. అతని కోచ్‌ను అడిగితే ఆట మానేశాడన్నారు. ఎందుకని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

ఇప్పటికీ ఆ అబ్బాయి అసలు పేరు నాకు గుర్తు లేదు. నేను పెట్టిన పేరే గుర్తుంది.

అందుకే మన హాల్లో ఒక నియమం ఉంది. స్పారింగ్‌కు దిగేముందు ఒకరి పేరు ఒకరు అడిగి, సరిగ్గా పలికి, అప్పుడే గ్లౌజులు తాకించుకోవాలి. కొత్తగా వచ్చిన పిల్లలు ఎందుకని అడుగుతుంటారు. ఇవాళ్టి ఈ గంటంతా ఆ ప్రశ్నకే జవాబు.

2011 నవంబరులో ఫిలడెల్ఫియాలో జో ఫ్రేజియర్ అంత్యక్రియల ప్రార్థన జరిగింది. అలీ వచ్చాడు. నల్ల సూటు, నల్ల కళ్లద్దాలు. అప్పటికి మాట దాదాపు లేదు, నడక కష్టం. ఫ్రేజియర్ మీద ప్రేమ ఉన్నవాళ్లు లేచి నిలబడండని వేదిక మీదినుంచి పిలుపు వచ్చింది. అలీని పక్కవాళ్లు పట్టుకుని లేపారు. నిలబడి, ఆ వణికే చేతులతో చప్పట్లు కొట్టాడు. అంతకు 36 ఏళ్ల ముందు మనీలాలో, అతనే వచ్చి నాకు చెప్పాలి అని ఫ్రేజియర్ అడిగాడు. అతను వచ్చాడు. చెప్పడానికి నోరు లేదు, వినడానికి ఫ్రేజియర్ లేడు.

పిల్లలూ, నోరు ఉండగానే, ఎదుటివాడు ఉండగానే చెప్పండి. ముందుగా అతని పేరు అడగండి.